ఆనప పాదు మీద బొగ్గు బూడిద

నా చిన్నప్పుడు మేము ఖరగ్‌పూర్‌లో, నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్లం. మా నాన్న ఇంజన్ షెడ్డులో ఫిట్టరు. నైట్ డ్యూటీ దిగి వచ్చేసరికి ఆయనకు మాట్లాడే ఓపిక కూడా మిగిలేది కాదు. చెప్పులు గుమ్మంలో వదిలి, తిన్నగా పెరట్లోకి వెళ్లి ఆనప పాదు దగ్గర కాసేపు గొంతుక్కూర్చునేవాడు. ఆ గింజలు మా నాన్నమ్మ శ్రీకాకుళం నుంచి కొంగున ముడేసుకుని తెచ్చినవి. ఆవిడ ఆ ఏడే పోయింది. మిగిలిన నాలుగు గింజలూ పాతితే రెండే మొలిచాయి. అవి పోతే ఇక లేవు.

ఆ రెండింటికీ ఎర్ర పెంకుపురుగులు పట్టాయి. ఊళ్లో నాన్నమ్మ పాదుల మీద బూడిద జల్లేదని విన్నాను కదా, నా తెలివి ఊరుకుంటుందా. ఒక సాయంత్రం మా బొగ్గుల పొయ్యిలోని బూడిద చేటకెత్తి, ఆరిందో లేదో చూడకుండా రెండు మొక్కల మీదా కుమ్మరించాను. నాన్నమ్మది కర్రల పొయ్యి అనీ, చల్లారిన బూడిద చిటికెడు చొప్పున జల్లేదనీ నాకెవరూ చెప్పలేదు. నేను అడగనూ లేదు. తెల్లారేసరికి ఒక మొక్క మాడి నేలకు వాలిపోయింది. రెండోది బతికీ బతకనట్టుంది.

నాన్న వచ్చి చూశాడు. వాలిపోయిన మొక్కను వేలితో ఎత్తి చూశాడు.

"నేనే ఏసినాను నాన్నా. పురుగులు సస్తాయనుకున్నాను" అన్నాను.

ఆయన తిట్టలేదు. తిట్టడానికీ ఓపిక కావాలి. చెంబుతో నీళ్లు తెమ్మని, తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడవడం మొదలుపెట్టాడు.

"ఇంజను షెడ్డుకొస్తే ఏటి సేస్తామో తెలుసా అమ్మా? ముందు సుత్తి ముట్టుకోం. సుట్టూ తిరిగి సూస్తాం. ఎక్కడ కారతంది, ఎక్కడ వదులైంది, అంతా సూసినాకే సెయ్యెడతాం."

ఇద్దరం పాదు చుట్టూ తిరిగి చూశాం. ఎండెక్కితే చేతికి చిక్కకుండా ఎగిరిపోయే పురుగులు, ఆ వేళ మంచుకు తడిసి ఆకుల అడుగున కదలకుండా ఉన్నాయి. వేలితో తీస్తే వచ్చేస్తున్నాయి. అవి తిన్నచోటల్లా ఆకుకు గుండ్రటి బెజ్జాలు.

ఇంకో పురుగు చూపిద్దామని తలెత్తితే, నాన్న కూర్చున్నచోటే కునుకు తీస్తున్నాడు. గుడ్డ చేతిలోనే ఉంది. చొక్కా ముందువైపంతా నిప్పురవ్వలు పడి చిన్న చిన్న బెజ్జాలు, అచ్చం ఆ ఆకుకున్నట్టే. మణికట్టు మీద కాలిన మచ్చలు. రోజూ ఎదురుగా తిరిగే నాన్నే, నేనెప్పుడూ చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. లేపకుండా, ఆయన ముఖాన ఎండ పడకుండా అడ్డం నిలబడ్డాను.

ఆ రెండో మొక్క బతికింది. మొదటి కాయ కోయకుండా విత్తనానికి వదిలేశాం.

ఇప్పుడు నాకూ ఓపిక తగ్గింది. రెండు కుండీలకు మించి చూసుకోలేను. అయినా మా ఇంటికి ఎవరైనా ముఖం మాడ్చుకుని వస్తే, ఏమైందని వెంటనే అడగను. మంచినీళ్లిచ్చి, ముందు ఒకసారి తేరిపార చూస్తాను.