కంప్యూటర్ పెట్టెకు తడి గోనెసంచి

కొత్త లారీని, దాని యజమాని అయిన నా బావమరిదిని, వాడి కాంట్రాక్టును, ఇంట్లో నాకు దొరికే రెండు పూటల అన్నాన్ని ఒకేసారి గండంలో పడేసిన ఘనత నాది. పటాన్‌చెరు హైవే మీద ఇంత పని ఒంటిచేత్తో చేసిన మెకానిక్ మరొకడు లేడు. అయినా తప్పు చేశానని నేను అనను. అనిపించాలని చూసినవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లే అలసిపోయారు.

అప్పటికి నా జుట్టు సగం నల్లగా ఉండేది, నోరు మాత్రం ఇప్పటిలాగే ఉండేది. సంగారెడ్డిలో లారీ స్టార్టయితే పటాన్‌చెరు షెడ్డులో కూర్చొని దాని జబ్బు చెప్పేవాణ్ణి. సరే, సంగారెడ్డి కాదు, రోడ్డుకు అవతలి చాయ్ బండి దగ్గర. జబ్బు చెప్పిన మాట మాత్రం నిజం.

అలాంటి రోజుల్లో నా బావమరిది నర్సింలు కొత్తరకం లారీ కొన్నాడు. డీజిల్ ఎప్పుడు చిమ్మాలో, ఎంత చిమ్మాలో ఇంజను పక్కన బిగించిన ఒక పెట్టె చెబుతుందట. చూడ్డానికి టిఫిన్ డబ్బా అంతే ఉంది, పేరు మాత్రం కంప్యూటర్. నా అనుభవం దాని వయసుకు ఎన్నో రెట్లు. అది నాకు చెప్పేదేమిటి?

మా వైపు లారీ యజమానులకు ఒక అలవాటు ఉంది. డ్రైవర్ దారిలో డీజిల్ తీసి అమ్ముకుంటాడని ట్యాంకు ఎప్పుడూ నింపరు. ఆ పూటకు సరిపడా పోయించి, మూతకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుంటారు. నర్సింలుకు ఆ విద్య నేర్పిన గురువును నేనే. డ్రైవర్ సాయిలు వాళ్ల ఊరివాడే, పైసా ముట్టని మనిషి. తాళం చూసిన రోజు నుంచి నన్ను చూసినప్పుడల్లా మీసం సవరించుకునేవాడు.

పటేల్‌గూడ అవతలి ఒక ఫ్యాక్టరీలో ఇనుప సామాను ఎత్తుకొని సంగారెడ్డి యార్డులో దింపాలి. ఎండాకాలమంతా బండి ఆగకుండా నడిస్తే కాంట్రాక్టు నర్సింలుకు ఖాయం. దారిలో ఆగితే ఇంకొకరికి. వాడు ఉన్న పొలంలో సగం అమ్మి కొన్న బండి అది.

మే నెల రాగానే బండి మొండికేసింది. మధ్యాహ్నమైతే చాలు, ముందు ఎర్ర లైటు వెలిగేది, ఇంజను బలం పోయి బండి పెండ్లి ఊరేగింపులా కదిలేది. షెడ్డుకు తెస్తే కంప్యూటర్ పెట్టె మీద చెయ్యి పెట్టి చూశాను. కాలింది.

"బావా, కంపెనోళ్లను పిలుద్దమా?" అన్నాడు నర్సింలు.

"పిలువు. వాళ్లు ల్యాప్‌టాప్ పెడ్తరు, నువ్వు వాళ్లకు చాయ్ పోస్తవు. మరి నేనెందుకున్న ఈడ?"

పాత పెట్రోలు కార్ల పంపు వేడెక్కితే తడిగుడ్డ కట్టి నడిపిన తరం మాది. పంపుకు పనికొచ్చింది పెట్టెకు పనికిరాదా? గోనెసంచిని నీళ్లలో ముంచి, పెట్టె చుట్టూ చుట్టి, తాడుతో బిగించాను. పంటినొప్పికి దవడ కట్టుకున్న మనిషిలా తయారైంది ఇంజను.

"ఉస్తాద్, దీనికి జ్వరమొచ్చిందా?" అన్నాడు సాయిలు.

"వచ్చింది. నడుమ నడుమ ఆపి నీళ్లు సల్లుకుంట పో."

ఆ రోజు మబ్బు పట్టింది. బండి మొరాయించకుండా చేరింది. మబ్బు సంగతి దాచి, గోనె సంగతి షెడ్డు షెడ్డుకూ తిరిగి చెప్పాను. పుణె నుంచి ఇంజనీరు ఫోన్ చేసి వివరాలు అడిగాడని కూడా చెప్పాను. ఫోన్ వచ్చిన మాట వాస్తవం. చేసింది మా వియ్యంకుడు, అడిగింది మామిడికాయల గురించి.

మర్నాడు నా ఘనత కళ్లారా చూసుకుందామని నేనే బండెక్కాను. ఎండ నిప్పులు చెరిగింది. ఇస్నాపూర్ రాకముందే వెంట తెచ్చిన నీళ్లు అయిపోయి గోనె ఎండిపోయింది. ఎండిన గోనె అంటే ఏమిటండీ? కంబళి. మే నెలలో వేడి పెట్టెకు కంబళి కప్పి ఊరేగించాం. రుద్రారం దగ్గర, ఎదురుగా పెట్రోలు బంకు కనిపిస్తుండగా, బండి ఆగింది.

నర్సింలు బైకు మీద పరుగున వచ్చాడు. పొద్దుగూకేలోపు సామాను యార్డులో దిగకపోతే రేపటి నుంచి రావొద్దని ఫ్యాక్టరీవాళ్లు చెప్పారట. వాడు నన్ను తిట్టలేదు. రోడ్డు పక్కన కూలబడి, అమ్మిన సగం పొలం వైపు చూస్తున్నట్టు బండిని చూశాడు. అంతలో ఇంటి నుంచి ఫోన్.

"నా తమ్ముని బండికి గోనె కట్టినవంట?" అంది మా ఇంటిది.

"అది గట్ల కాదు..."

"వచ్చేటప్పుడు ఆ గోనె పట్టుకరా. వాకిట్ల పరుసుకొని పండుకుందువు గాని."

గోనె విప్పి, ఎవరికీ ముఖం చూపించలేక బండి పక్కకు వెళ్లి డీజిల్ ట్యాంకుకు వీపు ఆనించాను. పెనం మీద పడిన అట్టులా ఎగిరాను. వీపు కాలగానే బుర్ర వెలిగింది. ట్యాంకు నుంచి వచ్చే డీజిల్ గొట్టం ఆ పెట్టె వెనక పలకలో నుంచి దూరి ఇంజనులోకి పోతోంది. మిగిలిన డీజిల్ ఇంజను వేడి తాగి మళ్లీ ట్యాంకులోకే వస్తోంది. అంటే పెట్టెను చల్లబరిచేది డీజిలే. ట్యాంకు నిండా ఉంటే ఆ వేడి అందులో కలిసిపోతుంది. అడుగున చెంబెడే ఉంటే అదే వేడి డీజిల్ గిరగిరా తిరుగుతుంది. చల్లటి నీళ్లు పోయాల్సిన పెట్టెకు వేడినీళ్ల స్నానం చేయించి, పైన కంబళి కప్పాను. తాళం నాది, కంబళీ నాదే.

ఒప్పుకోవచ్చు. కానీ ఒప్పుకోవడం నా వృత్తి కాదు.

"నర్సింలూ, బండికి దిష్టి తగిలింది," అన్నాను గంభీరంగా. "ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవానమ్మకు మొక్కుకో. మూతకు నిమ్మకాయ కట్టు. ట్యాంకు మాత్రం నిండుగుండాలె. ఖాళీ ట్యాంకుతోటి మొక్కితే అమ్మకు కోపమొస్తది."

వాడు అక్కడే దండం పెట్టుకున్నాడు. ఇంజను చల్లబడ్డాక బండి మెల్లగా బంకులోకి చేరింది, ట్యాంకు అంచుదాకా నిండింది. పొద్దుగూకకముందే సామాను యార్డులో దిగింది. ఆ ఎండాకాలం బండి మళ్లీ ఆగలేదు. కాంట్రాక్టు వచ్చింది.

పేరు మాత్రం నాకు రాలేదు. "బావ గోనె కట్టి సంపబోతే భవానమ్మ కాపాడింది," అని నర్సింలు ఊరంతా చెప్పాడు. చుట్టుపక్కల యజమానులు కూడా ట్యాంకులు నింపి నిమ్మకాయలు కట్టడం మొదలుపెట్టారు. అసలు కారణం చెబుదామంటే ముందు తాళం సంగతి చెప్పాలి. అందుకే ఇన్నేళ్లూ నోరు మూసుకున్నాను. నాకది ఎంత కష్టమో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది.

ఒక్కడు మాత్రం మోసపోలేదు. ఆ సాయంత్రం యార్డులో సాయిలు నాకు చాయ్ తెచ్చి ఇచ్చి, పక్కన కూర్చున్నాడు.

"ఉస్తాద్, ట్యాంకు నింపమని అమ్మవారు చెప్పిందా, నీ వీపు చెప్పిందా?"

చాయ్ కింద పెట్టాను. "ఏం కావాలె నీకు?"

"తాళంచెవి," అన్నాడు మీసం సవరించుకుంటూ.

స్టీరింగ్ పట్టినవాడి దగ్గరే తాళంచెవి ఉండాలన్నది అమ్మవారి ఆజ్ఞ అని మర్నాడు పొద్దున్నే నర్సింలుకు చెప్పాను. అప్పటి నుంచి అది సాయిలు మొలతాడుకే వేలాడుతోంది. డీజిల్ చుక్క తగ్గలేదు.

ఆ గోనె ఇంకా మా ఇంట్లోనే ఉంది, పారేయనివ్వదు మా ఇంటిది. నేను నోరు పెంచినప్పుడల్లా దాన్ని తెచ్చి వాకిట్లో దులుపుతుంది.

తడి గోనె పద్ధతి తప్పని నేను ఇప్పటికీ ఒప్పుకోను. ఎండిపోవడం గోనె చేసిన తప్పు. అయినా, కాలిన నా వీపు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ట్యాంకు తాకి చూడకుండా ఏ బండికీ వైద్యం చెయ్యను. తాకేది చేత్తోనే తాకుతాను.