కంగారు మేస్త్రీ, గుమ్మడి బీరు

బీరు కాచే మేస్త్రీ గారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు, కంగారు. ఆ బీరు తయారీశాలలో గరిటె జారినా, ఎవరైనా తుమ్మినా ఆయన నోట వచ్చే మాట ఒకటే: "పోయింది!"

కాగే నీళ్లలో మూడు థర్మామీటర్లు ముంచేవారు. మూడూ ఒకే లెక్క చూపిస్తే, "మూడూ కూడబలుక్కున్నాయి" అంటూ నాలుగోదానికి మనిషిని పరుగెత్తించేవారు.

ఆ శరదృతువులో జపాన్ గుమ్మడికాయలతో బీరు పెట్టారు. ముదురాకుపచ్చ తొక్క, లోపల చిలగడదుంపలా తియ్యటి గుజ్జు. కాల్చే పని, కలిపే పని చెల్లెమ్మవి. అందరూ అలాగే పిలిచే ఈ మనిషి బేకరీ మానేసి ఇక్కడ పనికి చేరింది. ఎండాకాలంలో కుళాయి కట్టేయడం మరిచి ఒక ట్యాంకు బీరు కాలవపాలు చేసింది. "ఇంకొక్క తప్పు జరిగితే మళ్లీ రానక్కర్లేదు" అని యజమానురాలు చెప్పేసింది. అప్పట్నుంచీ చెల్లెమ్మకి తిండి సయించడం లేదు.

"అన్నయ్యా, అంచులు నల్లబడ్డాయి, చాలా?"

"పోయింది! మాడిపోయింది!" ఓ ముక్క నమిలారు. "ఇంకోటి ఇయ్యి." నాలుగు తిన్నారు. "ఇంకా అనుమానంగానే ఉంది."

గుజ్జునీ, మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ మాల్టునీ వేడినీళ్లలో కలిపి గంట నానబెట్టారు. కింద కుళాయి తిప్పితే తియ్యటి రసం ధారకట్టాలి. రెండు చుక్కలు రాలి ఆగిపోయింది.

చెల్లెమ్మ చుట్టూ చూసింది. గుజ్జు గడ్డకట్టకుండా కలపాల్సిన ఊక బస్తా, కట్టు విప్పకుండా గుమ్మం దగ్గరే ఉంది.

"అన్నయ్యా... ఊక వెయ్యలేదు."

కళ్లు మూసుకుంది. "పోయింది" వినబడలేదు. తెరిచి చూస్తే మేస్త్రీ గారు చొక్కా చేతులు మడుస్తున్నారు.

"కంగారెందుకమ్మా? బస్తా విప్పు. నీళ్లు వేడిచెయ్, మరగనివ్వకు."

వేడినీళ్లు పోసి, తెడ్డుతో అడుగునుంచీ మెల్లగా ఊక కలిపారు. అంతా కిందికి దిగేదాకా ఆగారు. కుళాయి వెంట్రుకవాసి తిప్పారు. ఒక చుక్క. ఇంకోటి. చివరికి నూలుపోగంత ధార.

అంతలో యజమానురాలు ఊడిపడింది. "ఇంత ఆలస్యమేంటి? ఎవరి నిర్వాకం ఇది?"

"నాదేనమ్మా! కంగారులో ఊక మరిచిపోయాను."

"మీతో వేగలేక చస్తున్నాను!" అని వెళ్లిపోయిందావిడ.

పీపాలు కడిగే తాత చెల్లెమ్మ పక్కకి జరిగి గుసగుసలాడాడు. "కిందటేడు పీపా మూత బిగించనిది నేను. అంతకుముందేడు బీరుకి చేదునిచ్చే హాప్స్ పూలు తడిపింది డ్రైవరు. రెండూ ఈయన ఖాతాలోకే పోయాయి. కంగారు మనిషి కదా, ఆవిడ ఇట్టే నమ్మేస్తుంది."

"మరి ఆయన సొంతంగా చేసిన తప్పు ఒక్కటైనా ఉందా తాతా?"

తాత లెక్కపెట్టడానికి వేళ్లు తెరిచాడు, ఒక్కటీ మడవలేదు.

"వెతకాలమ్మా."