గుర్రం మాంసం తిన్న మా తిప్పేస్వామి మామ

మా మేనమామ, వంట మేస్త్రి తిప్పేస్వామి ఇక లేరు. శుక్రవారం ఉదయం కదిరిలో మా బడి పిల్లలకు తెలుగు పాఠం చెబుతుండగా అంజినమ్మత్త ఫోను చేసింది. పగటిపూట ఎన్నడూ ఫోను చెయ్యని మనిషి. "పాపా, మీ మామ లేకపాయ. పొయ్యి కాడ కూకున్నోడు కూకున్నట్లే ఒరిగిపాయ" అంది. పిల్లలను పక్క తరగతికి పంపి ఊరికి బయలుదేరాను. సంస్మరణ వ్యాసంలో ప్రశాంతవచనాలు పలకడం మర్యాద అని నాకూ తెలుసు. ఆ ప్రశాంతి నా దగ్గర లేదు, అరువు తెచ్చుకోను కూడా. బెళుగుప్ప దగ్గర మా ఊరు మామకు ఏం చేసిందో చెప్పకుండా ఆయన గుణగణాలు వర్ణిస్తే అది అబద్ధమవుతుంది.

మా ఊరి మారెమ్మ దేవరకు మామ ఆస్థాన పాకశాస్త్రజ్ఞుడు. దేవరంటే ఊరంతా పొట్టేళ్ళు కోసి, చుట్టపక్కాలను పిలిచి, సంగటి, కూర పెట్టే పండుగ. మా ఊళ్ళో ఒక ఆచారం ఉంది. కూర దిగగానే వంటమనిషి గంగాళం పక్కన నిలబడి, అందరూ చూస్తుండగా మొదటి ముద్ద తాను తినాలి. ఆయన తలూపితేనే వడ్డన మొదలవుతుంది. ఊరి ప్రాణాలు ఆ నాలుక మీద పెట్టినట్లన్నమాట. మామ ఆ ముద్ద కళ్ళు మూసుకొని నమిలేవారు. పంక్తుల్లో కూర్చున్నవాళ్ళు ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళు. ఆయన తలూపగానే "కానీ కానీ" అని ఒకటే కేకలు.

బోరు ఎండిపోయి చేను బీడు పడ్డ ఏడాది, ఒక ఏజెంటును పట్టుకొని మామ కజకిస్తాన్ వెళ్ళారు. గ్యాసు పైపులు వేసే కార్మికుల శిబిరంలో వంట పని. మంచు తప్ప మరేమీ కనిపించని మైదానమట. దేశదేశాల మనుషులు ఒకే షెడ్డులో తినేవారు. గుర్రం మాంసం సంగతి మామ మొదట విన్నది అక్కడే. ఇటలీ ఇంజనీరు తన అవ్వ గుర్రం మాంసాన్ని ఎర్ర ద్రాక్షసారాలో నానబెట్టి, సన్నని సెగ మీద పూట పొడుగునా ఉడికించేదని కళ్ళనీళ్ళు పెట్టుకొని చెప్పాడట. జపాన్ నుంచి వచ్చినాయన తమ ఊళ్ళో దాన్ని పచ్చిగానే, పలచటి రేకుల్లా కోసి అల్లంతో తింటామన్నాడట. ఫ్రాన్సు దేశస్థుడు తమ పట్నంలో గుర్రం మాంసానికి వేరే అంగళ్ళుండేవనీ, వాకిట గుర్రం తల బొమ్మ కట్టేవారనీ చెప్పాడట. ఈ మాటలు విని ఇంగ్లీషాయన అన్నం ముందునుంచి లేచిపోయాడట. "పందిని తింటాడు పాపా ఆయప్ప, గుర్రమంటే మాత్రం డోకొస్తాదంట!" అని మామ పడీపడీ నవ్వేవారు.

శిబిరంలో ఆయనకు సాయం చేసే దౌలెత్ అనే కజక్ యువకుడు చలికాలం మొదట్లో తన ఇంటికి పిలుచుకుపోయాడు. చలి ముదిరే ముందు ఒక గుర్రాన్ని కోసి, ఇరుగుపొరుగును పిలిచి పెట్టడం అక్కడి వాడుక. కోసే ముందు అందరూ అరచేతులు చాచి ప్రార్థించారట. పక్కటెముకల మాంసానికి ఉప్పు, మిరియాలు, వెల్లుల్లి పట్టించి పేగులో కూరి, గంటల తరబడి ఉడికించారు. వెడల్పాటి పిండి రేకుల మీద ఆ ముక్కలు పరిచి, ఉల్లిగడ్డల రసం పోసి, ఒకే పళ్ళెం చుట్టూ కూర్చొని చేత్తో తిన్నారు. దౌలెత్ తల్లి ముసలమ్మ ఒక పిడికెడు తీసి మామ నోట్లో తన చేత్తోనే పెట్టింది. గౌరవమున్న అతిథికి పెద్దలు అలా తినిపిస్తారట.

"అమ్మ పోయినాక నా నోట్లో ముద్ద పెట్టినోళ్ళు లేరు పాపా. ఆ యమ్మకు నా బాస రాదు, నాకు ఆ యమ్మ బాస రాదు. కూడు పెట్టేదానికి బాసేల?" అనేవారు మామ.

ఊరికి తిరిగొచ్చాక ఈ ముచ్చట దాచలేదు. దాచవలసిన పని చేశానని ఆయనకు తోచనే లేదు. రచ్చబండ మీద అందరికీ చెప్పారు. మొదట్లో నవ్వారు. "ఏమప్పా తిప్పన్నా, గుర్రం తిన్యావు గదా, ఇంగ ఉరుకు జూస్తాం" అని ఎగతాళి చేశారు. మామ కూడా వాళ్ళతో కలిసి నవ్వారు. "ఎవురి తట్టలో ఉండేది వాళ్ళమ్మ వండింది. దాన్ని జూసి మూతి తిప్పేదానికి మనమెవురు?" అన్నది ఆయన ఎప్పుడూ అనే మాట.

ఆ మరుసటి దేవరకు చందాలు సరిగా రాలేదు. ఊరి పెద్ద ఓబులేసప్ప ముసలి పొట్టేళ్ళను తెచ్చి కట్టేశాడు. మామ ఎంత ఉడికించినా కూర నార నారగా మిగిలింది. సరిగ్గా ఆ వారమే కల్యాణదుర్గం వైపు పెళ్ళి ఊరేగింపులకు తిప్పే ఆడగుర్రం ఒకటి కనబడకుండా పోయింది. పంక్తిలో ఎవడో ముక్క సాగదీసి "ఇది పొట్టేలు మాదిరి లేదే" అన్నాడు. ఇంకొకడు గుర్రం మాట ఎత్తాడు. నవ్వి ఊరుకుంటే పోయేది. మామకు చేతనైతేనా! వంటమనిషి బుద్ధి కదా, వివరించడానికి దిగారు. "గుర్రం కూర ఇట్లుండదప్పా. రవంత తియ్యగుంటాది. కొవ్వు పసుప్పచ్చగుంటాది. ఇది ముసిలి పొట్టేలే" అన్నారు. అంతే! తేడా ఇంత బాగా తెలిసినవాడే వండి ఉంటాడని తేల్చారు. నిర్దోషి చెప్పిన నిదర్శనాన్ని నేరాంగీకారంగా స్వీకరించిన మేధావులు మా ఊరివాళ్ళు.

మారెమ్మ గుడి ముందర పంచాయితీ పెట్టారు. మామ వెలుగుతున్న కర్పూరాన్ని చేత్తో ఆర్పి, ఊరికి గుర్రం మాంసం పెట్టలేదని ప్రమాణం చేశారు. అంతటితో పోనివ్వలేదు. ఊరేగింపులో స్వామి ఎక్కే వాహనమైన గుర్రాన్ని తిన్న నాలుక మొదటి ముద్ద తినడానికి పనికిరాదన్నారు. కాల్చిన బంగారు తీగ నాలుకకు ముట్టించి, "తినకూడనిది తింటిని, తప్పయింది" అని అనిపిస్తే శుద్ధి అవుతుందన్నారు. అగ్నిదేవుడి వాహనం పొట్టేలే కదయ్యా, మరి దేవరకు మీరు కోసేదేమిటని, దేవరకు వచ్చి ఉన్న నేను అడిగాను. "నువ్వు సదువుకున్నేదానివి, నీకు తెల్దు" అన్నాడు ఓబులేసప్ప.

మామ చెప్పిన జవాబు నా చెవుల్లో ఇంకా ఉంది. "నాలిక కాల్చాలంటే కాల్చండప్పా, ఓర్చుకుంటా. ఆ మాట మాత్రం అనను. ఆ యమ్మ కన్నబిడ్డకు పెట్టినట్ల పెట్టె. తప్పని నేనంటే ఆ యమ్మ చేతి మింద ఉమ్మినట్ల." ఆ రోజుతో ఊళ్ళో ఆయన గరిటెకు వెలి.

కొన్ని నెలలకు ఆ ఆడగుర్రం పావగడలో ఒక పెళ్ళిలో మువ్వలు కట్టుకొని తైతక్కలాడుతూ కనబడింది. యజమానే దాన్ని అమ్ముకున్నాడట. చూసొచ్చినవాడు మా ఊరివాడే. టీ అంగడి దగ్గర నవ్వుతూ చెప్పాడు, అందరూ నవ్వుతూ విన్నారు. సిగ్గు లేకపోతే సరి! మామ ఇంటికి వెళ్ళి ఒక్క మాట చెప్పినవాడు లేడు. "అది సరే, ఆడ తినింది నిజమే గదా" అని కొత్త పాట అందుకున్నారు.

తరువాత ఆయన శింగనమల వైపు పెళ్ళిళ్ళకు వండారు. అక్కడివాళ్ళు తేదీలు ఆయన్ను అడిగి పెట్టుకునేవారు. సొంత ఊరి దేవరనాడు మాత్రం ఇంట్లో పడుకొని గాలికి వచ్చే వాసన పీల్చి, "అంజినమ్మా, ధనియాలు మాడ్తాండాయి. పోయి సెగ తగ్గీమని చెప్పుపో" అనేవారు. అవమానించినవాళ్ళ కూర చెడిపోతుందని బాధపడ్డ మనిషి. నాకంత ఔదార్యం లేదు.

శుక్రవారం నేనూ నా భర్తా ఊరు చేరేసరికి పాడె కట్టి ఉంది. వాకిట జనమున్నారు గానీ, మోయడానికి ముందుకొచ్చినవాడు లేడు. ఓబులేసప్ప కాల్చడానికి బంగారు తీగ తెచ్చుకొని మరీ వచ్చాడు! "సచ్చినోని మింద కోపమేలమ్మా. ఇది రవంత నాలిక్కి తగిలిచ్చి, ఆయప్ప బదులు నువ్వు ఆ మాట అను. ఊరంతా వచ్చి మోస్తాము" అన్నాడు అత్తతో. పిల్లలు లేని ముసలిది, ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. ఒప్పుకుంటుందేమోనని నాకు భయం వేసింది.

అత్త లేచి నిలబడింది. "నోరుండగా ఆయప్ప అనని మాట, నోరు పోయినాక నేననాల్నా? నా మొగుడు మీలో ఎవురికన్నా చెడ్డకూడు పెట్టినాడా, చెప్పండి. పెట్లేదంటే మోయండి. పెట్టినాడంటే దావ వదలండి" అంది.

దావ వదిలారు. ఒక్కరొక్కరే తలలు దించుకొని పక్కకు జరిగారు. ఆయన వండింది తిని పెరిగిన కండలు అవన్నీ. శింగనమల నుంచి వచ్చిన ఇద్దరు వంటవాళ్ళు, నా భర్త, నేను మోశాం. ఆడది పాడె మోస్తుందా అని వెనుక ఎవరో గొణిగారు. మగవాళ్ళెవరైనా మిగిలి ఉంటే వచ్చి పట్టుకోమన్నాను.

మరునాడు బస్సు కోసం నిలబడి ఉంటే ఓబులేసప్ప నా దగ్గరికి వచ్చాడు. చాలాసేపు నసిగి, "పాపా, మీ మామ మసాలా పాళ్ళు నీకు తెలుసంట గదా. వచ్చే దేవరకు కావల్ల, చెప్పి పో" అన్నాడు. ఆ నాలుక వద్దట, దాని రుచి మాత్రం కావాలట.

నాకు తెలుసు. చిన్నప్పటినుంచి ఆయన పక్కన కూర్చొని నేర్చుకున్నాను. చెప్పలేదు, చెప్పను. మామా, ఒక పరాయి తల్లి పెట్టిన పిడికెడు ముద్ద కోసం ఊరినే వదులుకున్న నీ వంటి మనిషిని మళ్ళీ చూడబోము. నీకు మరుజన్మ ఉంటే ఎక్కడైనా పుట్టు, మా ఊళ్ళో మాత్రం పుట్టకు.