సుధన్వకు ఇల్లుండాదన్న మా పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయిందని పోయిన నెల ఒక పొద్దున ధర్మవరం నుంచి అమ్మ ఫోన్ చేసింది. "నిజమేనా? చేయి పట్టుకొని చూసినారా?" అని అడిగాను. అడిగాక నాలుక కరుచుకున్నాను. అది పెద్దమ్మ అడగాల్సిన ప్రశ్న. ఎవరేం చెప్పినా ముందు అనుమానించడం ఆమె దగ్గరే నాకు అబ్బింది.

పాలవాడు పాలు చిక్కగా పోస్తే, "ఈ పొద్దు ఇంత మంచివి పోసినాడంటే నిన్న ఏం కలిపినాడో" అనేది. భయం లేదని డాక్టరు చెబితే ఇంకో డాక్టరు దగ్గరికి పోదామనేది. "తడబడేవాన్ని నమ్మొచ్చురా. గడగడా చెప్పేవాన్ని నమ్మగూడదు" అని నాకు ఎన్నిసార్లు చెప్పిందో.

ఆమె నమ్మనివాళ్ళలో కెప్టెన్ సుధన్వ ఒకడు. ఒకప్పుడు వారపత్రికలో వచ్చిన సాహస సీరియల్లో నాయకుడు. ఎడారులు దాటేవాడు, పులులతో పెనుగులాడేవాడు. పట్టుదారం చుట్టే ఆడవాళ్ళందరికీ పెద్దమ్మే ఆ సీరియల్ చదివి వినిపించేది. పత్రిక మూతపడింది, కథ మధ్యలో ఆగిపోయింది. ఇప్పుడా పాత పాఠకులంతా ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. పెద్దమ్మను అందులో చేర్చింది నేనే. అక్కడ రోజూ ఒకటే వాదన. సుధన్వ ముసలివాడై ఎక్కడున్నాడు, పెళ్ళయిందా, పిల్లలున్నారా? రాకుమారిని చేసుకొని మనవళ్ళను ఆడిస్తున్నాడని ఒకరంటే, కాదు, బ్రహ్మచారిగానే మిగిలాడని ఇంకొకరు.

ఒకరోజు పెద్దమ్మ తన గొంతే రికార్డు చేసి పంపింది. "బ్రహ్మచారి ఏందప్పా? ప్రతి వారం పులి చొక్కా చించుతాది. మళ్ళా వారానికి గుండీలతో సహా బాగుంటాది. కుట్టేది ఎవరు? వానికి యాడో ఇల్లుండాది. రాసేటోడు దాచిపెట్టినాడు."

గ్రూపంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ వారంలోనే నేను ధర్మవరం పోతే ఆమె, "కారు తీయిరా, కంబదూరు పోదాం" అంది.

మా పెద్దనాయన పోయి చాలా ఏళ్ళయింది. పట్టుచీరల మూట మోసుకొని ఊరూరా తిరిగి అమ్మేవాడు. పోయాడంటే నెలకు గానీ ఇల్లు చేరేవాడు కాదు. వచ్చాక కథలు చెప్పేవాడు. వాగు పొంగి ఆగిపోయానంటే, "మన సీమలో పొంగే వాగు ఏదప్పా?" అనేది పెద్దమ్మ. తిరిగిన ఊళ్ళన్నీ చెప్పేవాడు, కంబదూరు తప్ప. దారిలో ఉన్న ఊరి పేరు నోట ఎందుకు రాదని ఆమె లోపలే అనుకునేదట. కారులో కూర్చున్నాక ఇదంతా చెప్పింది.

కంబదూరులో టీ అంగడి ముందు ఆపించి, "చీరలాయన ఇల్లు యాడప్పా?" అని అడిగింది.

"ఆయన పోయినాడు కదమ్మా. ఆయమ్మ ఉండాది. ఆ పసుపు గోడ ఇల్లే" అన్నాడు అంగడతను.

తలుపు తీసిన ఆమెకు అరవై దాటి ఉంటాయి. ఆమె వెనక గోడమీద పెద్దనాయన ఫొటో, దానికి దండ. పెద్దమ్మ ఫొటో వైపు చూడనే లేదు.

"ఆయన తెల్లచొక్కాలకు నల్లదారంతో గుండీలు కుట్టింది నువ్వేనా?"

ఆమె తలుపు పూర్తిగా తీసింది. "నేనే అక్కా. తెల్లదారం ఇంట్లోనే ఉండె. మీకు తెలియాలనే నల్లదారంతో కుట్టినా."

"తెలిసింది. అప్పుడే తెలిసింది."

"మరి అడగలేదేమక్కా?"

"అడిగితే ఇంకో కథ చెప్తాడు. నీకేం చెప్పేవాడు?"

"మీరు మంచం పట్టినారని. అందుకే మిమ్మల్ని ఇడిసిపెట్టి రాలేనని."

"మంచమా! నేను ఒక్క దినం పండుకొని ఎరగను." పెద్దమ్మ నవ్వింది. ఆమె కూడా నవ్వబోయి ఏడ్చేసింది. ఇద్దరూ గడపమీదే కూర్చుండిపోయారు. మధ్యాహ్నం ఆమె రాగిసంగటి చేసింది. పెద్దమ్మ మొదటి ముద్ద అనుమానంగా వాసన చూసి, ఆ తర్వాత పళ్ళెం ఖాళీ చేసింది.

తిరిగి వస్తుంటే దారి పొడుగునా ఎండిన శనగ చేలు. కోపం రాలేదా పెద్దమ్మా అని అడిగాను.

"రాకుండా ఉంటాదా? ఇన్నేండ్లు ఒక్కదాన్నే మోస్తాంటి. ఈ పొద్దు సగం ఆడ దించొచ్చినా." కొంగుతో కళ్ళొత్తుకుంది.

ఇంటికి చేరగానే గ్రూపుకు ఇంకో మాట పంపింది. "సుధన్వకు ఒక ఇల్లు కాదు, రెండుండాయి. ముసిలోడై వాడేమైనాడో నాకొద్దు. ఆ ఇండ్లల్లో ఆడోళ్ళు ఏమైనారో చెప్పండప్పా." ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ తర్వాత పెద్దమ్మ గ్రూపు చూడడం మానేసి, రోజూ సాయంత్రం కంబదూరికి ఫోన్ చేసేది. ఇద్దరూ ఎక్కువగా పెద్దనాయననే తిట్టుకునేవాళ్ళు.

పెద్దమ్మ పోయిన సంగతి కంబదూరికి నేనే చెప్పాను. ఆమె మొదటి బస్సుకే వచ్చింది. "ఎవర్రా ఈయమ్మ?" అని అమ్మ నా చెవిలో అడిగింది. పెద్దమ్మకు కావలసినామె అన్నాను. అమ్మ నమ్మలేదు, ఆమెనే చూస్తూ కూర్చుంది.

ఆమె పెద్దమ్మ కాళ్ళమీద చీర సరిచేసి, చాలాసేపు ఏడ్చింది. తర్వాత లేచి ఎవరినీ అడగకుండా ఇల్లంతా తిరిగింది. మగ్గం గుంట దగ్గర ఆగింది. వంటింటి గూడు తడిమింది. పెద్దనాయన నోట ఏళ్ళ తరబడి విన్న ఇల్లు ఇదేనా, ఇందులో ఎంత నిజమని ఒక్కొక్కటీ సరిచూసుకుంటున్నట్టుంది. చివరికి పెరటి తలుపు తీసి, నొసటికి చేయి అడ్డం పెట్టుకొని, ఆ తెల్లటి ఎండలోకి కళ్ళు చికిలించి చూస్తూ నిలబడింది.