తర్వాత చూడటం

చిలకలూరిపేటలో మాది దూదేకుల కుటుంబం. మిల్లు నుంచి దూది తెచ్చి నాన్న పరుపులు కుట్టేవాడు. చిన్నప్పుడు కాలికి జబ్బు చేసి నేను బడికి వెళ్లలేకపోయాను. నా చదువంతా అక్క దగ్గరే. తను బడి నుంచి వచ్చి, నాన్నకు సాయంగా పరుపు అంచులు కుడుతూ, ఆ రోజు నేర్చుకున్నదంతా నాకు చెప్పేది.

ఒకసారి ఇంగ్లీషు క్రియల సంగతి వచ్చింది. "లుక్ అంటే చూడటం. దానికి తోక తగిలిస్తే అర్థం మారిపోద్ది. లుక్ ఫర్ అంటే వెతకటం. మరి లుక్ ఆఫ్టర్?"

"ఆఫ్టర్ అంటే తర్వాత కదా. తర్వాత చూడటం."

అక్క దబ్బనం పక్కన పెట్టి మరీ నవ్వింది. "కాదే మొద్దూ! బాగోగులు చూసుకోవటం. మన తెలుగులో మాత్రం లేదా? చూడు వేరు, చూసుకో వేరు."

నాన్నకు మాత్రం నా అర్థమే నచ్చింది. పరుపు ఎప్పుడిస్తావయ్యా అని ఎవరడిగినా, "లుక్ ఆఫ్టరండీ!" అనేవాడు. మేం ఏం కొనిపెట్టమన్నా అదే జవాబు. మా ఇంట్లో ఆ మాటకు ఆ అర్థమే ఖాయమైపోయింది.

అక్కకు పెళ్లయి, పాప పుట్టిన కొన్నేళ్లకు కిడ్నీలు పాడయ్యాయి. గుంటూరు ఆసుపత్రిలో చేర్చాం. ఇక లాభం లేదని డాక్టరుగారు చెప్పేశారు. బావ లారీ డ్రైవరు, ఇంటిపట్టున ఉండేది తక్కువ. తను పోయాక పాప ఎవరి చేతుల్లో పెరుగుతుందన్నదే అక్క బెంగ.

ఒక మధ్యాహ్నం నా కొంగు పట్టుకుంది. "పాప సంగతేంటే?"

నాకు ఏడుపు ఆగలేదు. "ముందు నువ్వు ఇంటికి రా అక్కా. అవన్నీ తర్వాత చూద్దాం."

పెదాలు ఎండిపోయి ఉన్నా నవ్వింది. "నాన్న లుక్ ఆఫ్టర్ కాదే. నేను చెప్పింది."

"చూసుకుంటా అక్కా" అన్నాను.

అప్పుడు కొంగు వదిలింది. మర్నాడు తెల్లారగట్ల ఫజర్ అజాన్ వేళకు వెళ్లిపోయింది.

అడగడానికి అక్కకు అంత ఊపిరి మిగిల్చినందుకు, మాటివ్వడానికి నాకు నోరు పెగిలేలా చేసినందుకు నమాజు చేసినప్పుడల్లా అల్లాకు శుక్రియా చెప్పుకుంటాను. చెప్పుకుంటూనే ఏడుస్తాను.

నాన్న ఆ మాట మానేశాడు. ఎవరైనా పరుపు గురించి అడిగితే, "ఎల్లుండి రండి" అంటాడు, మొహం పక్కకు తిప్పుకుని.

మొన్న రొట్టెల పిండి కలుపుతుంటే పాప దువ్వెన పట్టుకొచ్చింది.

"పిన్నీ, జడెయ్యవా?"

తర్వాత వేస్తాలే అని నోటిదాకా వచ్చింది. చేతులు కడుక్కుని, దాన్ని ముందు కూర్చోబెట్టుకున్నాను. అక్క జుట్టే వచ్చింది దానికి. ఒత్తుగా, నా పిడికిట్లో పట్టనంత.