పుల్ల తిప్పిన చెయ్యి

నల్లమాడ పక్కన మా ఊళ్లో బోరు వేయాలంటే ముందు ఓబులేష్‌ను పిలవాల్సిందే. పంగల వేపపుల్లను రెండు చేతులా పట్టుకుని చేనంతా నడిచేవాడు. పుల్ల ఎక్కడ గిర్రున తిరిగితే అక్కడ కింద నీళ్లున్నట్టు లెక్క, గుర్తుగా రాయి పాతేవారు. కొన్నిచోట్ల నీళ్లు పడ్డాయి, చాలాచోట్ల దుమ్మే లేచింది. పడిన బోరు ఓబులేష్ గొప్పతనం, పడనిది రైతు తలరాత. మా ఊరి న్యాయం అట్లాంటిది.

ఆ పనికి ఒక కట్టుబాటు ఉంది. పుల్ల పట్టేవాడు ముందురోజు నుంచే చుక్క ముట్టకూడదు. పొద్దున్నే తలకు పోసుకుని, ఖాళీ కడుపుతో చేన్లో అడుగుపెట్టాలి. ఓబులేష్ మహా తాగుబోతు. ఈ నియమం మాత్రం ఏనాడూ తప్పలేదు. అతన్ని తిట్టేవాళ్ల నోళ్లు కూడా అక్కడ మూతపడేవి.

రెండువేల రెండులో, తాగుడు మాన్పించడం మీద పరిశోధన చేసే డాక్టర్లు అనంతపురం నుంచి వచ్చారు. వాళ్ల తరఫున ఉమాదేవి అనే రాప్తాడు పిల్ల ఇల్లిల్లూ తిరిగి అడిగేది.

"నిజం చెప్పన్నా. నీ పేరు యాడా రాదు. నీ మాట ఇంకొకరికి పనికొస్తాది" అంది.

ఓబులేష్ నమ్మాడు. పెళ్లానికి కూడా చెప్పనిది ఆ పిల్లకు చెప్పాడు. "ఒక పూట తాగకపోతే చేతులు నిలవవు తల్లీ. పుల్ల పట్టే పొద్దయితే నీళ్ల చెంబు కూడా పట్టుకోలేను."

ఏడాదికి ఆ డాక్టర్లు మళ్లీ వచ్చారు. అడిగి పోయినవాళ్లు తిరిగి రావడం మా ఊరు ఎరగదు, అందుకే బడి వరండా నిండిపోయింది. పెద్ద డాక్టరు మంచివాడే, అదే మా ఖర్మ. "మీరు చెప్పింది మేం దాచుకోం. తెలుసుకున్నది మీకూ చెప్తాం, అడిగిన డాక్టర్లందరికీ ఇస్తాం" అని మొదలుపెట్టాడు. తాగుడు ఆపిన రోజు ఒళ్లు ఎలా తిరగబడుతుందో వివరిస్తూ, "నీళ్ల పాయింట్లు చూసే ఒకాయన, తాగని పొద్దున చేతులు వణికి చెంబు కూడా పట్టుకోలేనన్నాడు" అని తన కాగితాల్లోంచి చదివాడు.

పేరు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఏముంది? వరండా అంతా ఓబులేష్ వైపు తిరిగింది. పేర్లు కొట్టేసిన ఆ చదువుకున్నవాళ్లకు, ఊరికి పుల్ల పట్టేవాడు ఒక్కడే ఉంటాడని తోచలేదు. నాకైతే ఒళ్లు మండిపోయింది.

నారాయణప్ప లేచాడు. ఓబులేష్ చూపినచోట కాడెద్దులమ్మి బోరు వేయించి, దుమ్ము తప్ప ఏమీ చూడని రైతు. గొంతు పెంచలేదు.

"ఏమప్పా, ఆ పొద్దు నా చేన్లో పుల్లను తిప్పింది నీళ్లా, నీ చెయ్యా?"

ఓబులేష్ చేతుల వైపు చూసుకున్నాడు. "తెలీదు నారాయణప్పా. నియమం తప్పకూడదని తాగకుండా వస్తి. అంతే తెల్సు."

నారాయణప్ప వరండా దిగి వెళ్లిపోయాడు. డాక్టర్ల వెంట వచ్చిన ఉమాదేవి ఓబులేష్ దగ్గరికొచ్చి, "ఆ కాగితాల్లోంచి నీ ముక్క తీసేపిస్తానన్నా" అంది. అది అప్పటికే వేరే ఊళ్ల డాక్టర్లకు అందిపోయిందని పెద్ద డాక్టరు ఒప్పుకున్నాడు. సిగ్గుపడ్డాడు కూడా, కాదనను.

"తీసేయొద్దు తల్లీ" అన్నాడు ఓబులేష్. "వాళ్లలో ఎవరికన్నా తెల్సునేమో అడుగు. ఇన్నేండ్లూ యాడ నీళ్లు తిప్పినాయో, యాడ నా చెయ్యి తిప్పిందో. అది తెలిస్తేగాని ఇంగ నేను పుల్ల ముట్టను."