నల్లబడిన మాంసం

పెబ్బేరుకు పదిహేను కిలోమీటర్ల దూరంలోని ఊళ్లో నాగేశ్‌కు మాంసం కొట్టు ఉంది. ఇరవై ఏళ్లుగా అతని కొట్లో కళ్లు మూసుకుని కొనొచ్చన్న పేరు. ఆ పేరు వల్ల కాస్త గీర కూడా.

మొన్నటి ఎండాకాలం, మనవరాలి పుట్టువెంట్రుకల విందుకు రెండు పొట్టేళ్ల మాంసం కావాలంది అదే ఊరి యాదమ్మ. పెబ్బేరు అంగడిలో ఈదన్న అనే ముసలి కాపరి దగ్గర కొన్నాడు నాగేశ్. ఆటో దొరకలేదు. మిట్టమధ్యాహ్నం ఎండలో కట్టెతో అదిలిస్తూ ఊరిదాకా ఉరికించుకుంటూ తెచ్చాడు. మేత వేయలేదు. తెల్లవారి కోస్తే మాంసం నల్లగా, చేతికి బంకగా తగిలింది. అయినా పంపేశాడు. పొయ్యి మీదికి ఎక్కేలోపే వాసన పట్టింది. యాదమ్మ చుట్టాలకు పప్పన్నం పెట్టి సాగనంపింది.

నాగేశ్‌కు తన మీద అనుమానమే రాలేదు. మరుసటి వారం అంగడి నడుమ ఈదన్న మీద పడ్డాడు.

"ఏం ముసలోడా, రోగం గొర్లు అంటగడ్తవా?"

"నా మందల రోగం లేదు బిడ్డా," అని ఈదన్న మొత్తుకున్నా ఎవరూ వినలేదు. ఆ రోజు, ఆ మరుసటి వారం కూడా ఆయన గొర్రెలను ఎవరూ ముట్టుకోలేదు.

తర్వాత కొట్టుకు వచ్చిన పశువుల డాక్టరమ్మ ప్రవళికతో నాగేశ్ ఇదంతా చెప్పాడు.

"ఎట్ల తోలుకొచ్చినవన్నా?" అని అడిగి, అంతా విని, ఆమె విడమర్చి చెప్పింది.

"మేత నుంచి వచ్చిన చక్కెరను గొర్రె కాలేయంల, కండలల్ల గ్లైకోజెన్ లెక్క దాచుకుంటది. ఉరికినా, బెదిరినా కండ దాన్నే వాడుకుంటది. కోసినంక మిగిలినదే పులుపుగా మారి మాంసం జల్ది చెడకుండ ఆపుతది. నువ్వు ఉరికించి అంత కరగదీసినవ్. జర మేపి, నీళ్లు పెట్టి, రెండు మూడు దినాలు నిమ్మలంగ ఉంచితేనే మల్ల నిండుతది. అది రోగం కాదు."

నాగేశ్ మొహం మాడిపోయింది. అంగడిలో ఆ ముసలాయన అందరి మొహాలూ బతిమాలినట్టు చూడడం గుర్తొచ్చి, తల ఎత్తలేకపోయాడు.

శనివారం అంగడికి పోయాడు. రెండుసార్లు ఈదన్న దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. మూడోసారి నిలబడ్డాడు.

"ఈదన్న గొర్లకు రోగం లేదు. తప్పు నాది."

చుట్టూ ఉన్నవాళ్లకు వినపడలేదు. మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఎవరో నవ్వారు.

ఈదన్న తలెత్తకుండానే అడిగాడు. "తొవ్వల నీళ్లన్న తాపినవా?"

"లేదు పెద్దనాయనా."

ఆయన మంద వైపు తిరిగాడు. కాసేపటికి ఇద్దరు బేరగాళ్లు మంద దగ్గరికి వచ్చారు. నాగేశ్‌కూ పొట్టేలు కావాలి. కానీ అడగడానికి నోరు రాక, ఉత్త చేతులతో బస్సెక్కాడు.